స్వీడను దేశపు మూడు ప్రతిజ్ఞలు



దశరథ మహారాజు కైకకు వరము లిచ్చిన దినము వేరు; రామునకు పట్టము గట్టెదనని సభలో పలికిన దినము వేరు. ఏ దినమున పలికిన మాట ఆ దినమునకు ఉచితముగానే యుండెను. రెండును ఒక్క రాత్రి యెదురుపడినప్పుడు గదా చిక్కు పుట్టినది! రాజులకే గాదు, ప్రజలే ప్రభువులైన దేశములకును ఇట్టి చిక్కులు కలుగుచుండును. ఐరోపా ఖండమున ఉత్తరపు కొనయందున్న స్వీడను దేశము ఇరువది యేండ్ల లోపల మూడు ప్రతిజ్ఞలు చేసెను. మూడును సదుద్దేశముతో చేసినవే. పిమ్మట ఆ మూటికిని పొత్తు కుదురునా యని గణితజ్ఞుల చేత లెక్క వేయించుకొనవలసి వచ్చెను. ఆ ప్రతిజ్ఞల యొక్కయు, ఆ లెక్క యొక్కయు చరిత్రమే నేటి నా ప్రసంగము.

స్వీడను చలిదేశము. జనసంఖ్య ఒక కోటికి కొంచెము మాత్రమే మించినది. నేలలో చెప్పదగిన బొగ్గుగాని చమురుగాని లేదు. ఉన్నవి అడవులు, నదులు. ఉత్తరమునుండి దిగు నదులకు ఆనకట్టలు కట్టి ఆ దేశస్థులు ఇరువదవ శతాబ్దమున జలవిద్యుత్తును విరివిగా తీసిరి. అయినను ఇండ్లను వెచ్చబెట్టుటకు, బండ్లు నడపుటకు, కర్మాగారములకు పరదేశపు చమురే శరణ్యమాయెను. 1970 ప్రాంతమున ఆ దేశము వాడు శక్తిలో దాదాపు నాలుగింట మూడు పాళ్లు చమురునుండియే వచ్చుచుండెను. 1973లో పశ్చిమాసియా యుద్ధమునుబట్టి చమురు వెల కొలది నెలలలో నాలుగింతలు పెరుగగా, ఇట్లు పరాధీనమై యుండుట యెంత అపాయకరమో వారికి తెలిసివచ్చెను.

అప్పటికే వారు అణుశక్తివైపు అడుగు వేసియుండిరి. ఆస్కార్స్‌హామ్ అను తీరస్థలమున తొలి వాణిజ్య రియాక్టరు 1972లో పనికి వచ్చెను. 1985 నాటికి నాలుగు స్థలములయందు పండ్రెండు రియాక్టరులు నిలిచినవి. ఆ తరువాత దేశపు విద్యుత్తులో ఇంచుమించు సగము నీటినుండియు, తక్కిన సగము అణువునుండియు వచ్చుచుండెను. పొగలేని విద్యుత్తు ఇంత సమృద్ధిగా గల దేశములు ఆ కాలమున మిక్కిలి అరుదు.

ఇక ప్రతిజ్ఞల సంగతి. మొదటిది నదులను గూర్చినది. విండెల్ అను నదికి ఆనకట్ట కట్టదలపగా ప్రజలు తీవ్రముగా ప్రతిఘటించిరి. 1970లో ప్రభుత్వము ఆ ప్రయత్నమును విరమించుకొనెను. 1987లో శాసనము చేసి టోర్నె, కాలిక్స్, పీటె, విండెల్ అను నాలుగు నదులను జలవిద్యుత్తు విస్తరణనుండి కాపాడిరి. ఉన్న ఆనకట్టలు ఉండును. క్రొత్తవి ఇక వద్దు. ఇది యెవరికిని పెద్ద బాధ కలిగింపలేదు.

రెండవ ప్రతిజ్ఞ అణుశక్తిని గూర్చినది. దీని కథ దీర్ఘము. 1976 ఎన్నికలలో తోర్‌బ్యోర్న్ ఫెల్డిన్ అను రైతునాయకుడు అణుశక్తిని వ్యతిరేకించియే ప్రధానమంత్రి యాయెను. నాలుగు దశాబ్దములకు మించి పాలించిన పక్షమునకు అట్లు ఓటమి కలిగెను. అయితే అతనితో కూడిన మిత్రపక్షములకు ఈ విషయమున అతనితో ఏకాభిప్రాయము లేదు. 1978లో ఆ తగవు మీదనే అతడు పదవి విడిచెను. మరుసటి సంవత్సరము మార్చి 28వ తేదీన అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అను చోట ఒక రియాక్టరు చెడి, దాని గర్భము కొంత కరగిపోయెను. స్వీడనులో కలకలము రేగెను. పక్షములు తామై తేల్చుకొనలేక, నిర్ణయమును ప్రజల వోటునకు వదలిరి.

1980 మార్చి 23వ తేదీన ఆ వోటు జరిగెను. మూడు పంథలు ప్రజల ముందుంచిరి. మొదటి రెంటి సారమొక్కటే: పండ్రెండు రియాక్టరులకు మించి వలదు, దేశమునకు కావలసిన విద్యుత్తును, ప్రజల జీవనోపాధిని చూచుకొనుచు వీలు కొలది మూసివేయుదము. మూడవది పదియేండ్లలో మూసివేయుదము అనునది. మొదటిదానికి నూటికి 18.9, రెండవదానికి 39.1, మూడవదానికి 38.7 వోట్లు వచ్చినవి. ఇచ్చట నేనొక మాట చెప్పక తప్పదు. మూడు చీట్లలో దేనిమీదను 'ఉండనిండు' అను మాట లేదు. ప్రశ్న అడిగినవారే జవాబును సగము వ్రాసియుంచిరన్నమాట. పరీక్షాపత్రము లిట్లు కూర్చిన ఉపాధ్యాయుని పైయధికారులు మందలింపక మానరు. ఎట్లైననేమి, ఆ ఫలితమును ఆధారము చేసికొని శాసనసభవారు 2010 నాటికి అణుశక్తి దేశమున నుండరాదని తీర్మానించిరి. తమాషా యేమనగా, అప్పటికి ఆ పండ్రెండింటిలో సగమింకను పని ఆరంభింపనేలేదు.

1986 ఏప్రిలు 28వ తేదీ ఉదయమున స్వీడనులోని ఫోర్స్‌మార్క్ కేంద్రమున పనివాడొకడు తనిఖీ యంత్రము ముందు నిలువగా, అతని చెప్పులకు అణుధూళి యంటియున్నట్లు గంట మ్రోగెను. తమ రియాక్టరే చెడెనని తొలుత భయపడిరి. కాని ఆ ధూళి గాలివెంట తూర్పునుండి వచ్చినది. రెండు దినములకు పూర్వము చెర్నోబిల్‌లో జరిగిన ఘోరము బయటి ప్రపంచమునకు తెలిసినది ఆ చెప్పుల మూలముననే. రెండవ ప్రతిజ్ఞకు దీనితో బలము హెచ్చెను. తొలి రెండు రియాక్టరులను 1995, 1996 సంవత్సరములలో మూయవలెనని 1988లో నిశ్చయించిరి.

మూడవ ప్రతిజ్ఞయు ఆ 1988వ సంవత్సరముననే పుట్టినది. బొగ్గు, చమురు కాల్చినప్పుడు వెలువడు బొగ్గుపులుసు వాయువు ఆకాశమున చేరి, భూమి వేడిమిని కంబళివలె పట్టియుంచును. ఈ సంగతిని తొలుత లెక్కగట్టి చూపినవాడును స్వీడను పండితుడే. స్వాంటె ఆర్హీనియస్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దాదాపు ఒక సంవత్సరము చేతితోనే గణించి, ఈ వాయువు రెట్టింపైనచో భూమి వేడిమి అయిదారు డిగ్రీలు పెరుగునని 1896లో ప్రకటించెను. ఆ అంకె నేటి శాస్త్రజ్ఞుల అంచనాకు కొంత హెచ్చే యైనను, లెక్క వేసిన మార్గము మాత్రము సరియైనది. తొంబదిరెండేండ్ల పిమ్మట ఆతని దేశపు శాసనసభ ఈ వాయువు నాటి పరిమాణమును మించరాదని తీర్మానించెను.

ఇప్పుడు మూటిని ఒక్కచోట పెట్టి చూడుడు. క్రొత్త ఆనకట్టలు వలదు. సగము విద్యుత్తు నిచ్చు అణుకేంద్రములు వలదు. వాటికి బదులుగా బొగ్గో, వాయువో కాల్తుమన్నను వలదు. మరి దీపము వెలుగుట యెట్లు?

దీనికి ఉపాయముగా వారు పట్టిన సాధనము పన్ను. ఆర్థర్ పిగూ అను ఆంగ్లేయ ఆర్థిక శాస్త్రవేత్త 1920లో ప్రకటించిన గ్రంథమున ఈ తత్త్వమును వివరించెను. ఒకడు చేయు పనివలన ఇరుగుపొరుగువారికి నష్టము కలుగుచు, ఆ నష్టము అతని ఖాతాలో పడకున్నచో, అతడు ఆ పనిని హద్దు మీరి చేయును. ఆ నష్టమునకు సరియగు పన్ను విధించినచో అతడే చూచుకొని తగ్గించుకొనును అని ఆయన వాదము. దీనినే బొగ్గుపులుసు వాయువునకు అన్వయింపగా కర్బనపు పన్ను ఏర్పడెను. పన్ను వేయుటకు ఇంటింటి పొగను కొలువ నక్కరలేదు. 12 పాళ్ల కర్బనము 32 పాళ్ల ప్రాణవాయువుతో కలిసి 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువగునని పాఠశాలలోని బాలునకును తెలియును. కనుక ఏ ఇంధనమున కర్బన మెంత కలదో చూచి, అమ్ముచోటనే పన్ను పట్టవచ్చును. ఫిన్లండు దేశము 1990లో తొలిసారి ఈ పన్ను వేసెను. స్వీడను 1991 జనవరిలో టన్ను వాయువునకు 250 క్రోనాల చొప్పున విధించి, అదే సంస్కరణలో ఆదాయముపై పన్నులను తగ్గించెను.

ఇందు రెండు మెలికలు గలవు. విద్యుత్తు తీయుటకై కాల్చు ఇంధనముపై ఈ పన్ను లేదు. కర్మాగారములకును 1993 నుండి నాలుగవ వంతు మాత్రమే పడెను. లేనిచో అవి పన్నులేని దేశములకు తరలిపోవునని భయము. కాబట్టి భారమంతయు ఇండ్లను వెచ్చబెట్టు చమురుమీదను, బండ్ల చమురుమీదను పడెను. మన దేశమున 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయల సుంకము పెట్టి, 2016 నాటికి 400 చేసిరి; సింగరేణి బొగ్గునకును అదియే వర్తించెను. 2017లో ఆ సుంకమును తీసివేసి, అంత మొత్తమునే వస్తుసేవల పన్నువలన రాష్ట్రములకు కలుగు నష్టమును పూరించుటకై మళ్లించిరి. పేరు ఒకటియైనను ఉద్దేశములు, వాడుకలు దేశమునకొక తీరుగా మారుచుండును.

ఈ పన్నును, అణుకేంద్రముల మూతయు ఒకదానితో నొకటి చేరినప్పుడు విద్యుత్తు విపణి యేమగును? దీనిని చెప్పుటకే ఆర్థిక శాస్త్రజ్ఞులు నమూనా అనబడు లెక్కను కట్టుదురు. దానిని మన వాడుకలోని ఉపమానముతో చెప్పెదను.

ఒక సంతకు ప్రతివారము 500 బస్తాల ధాన్యము కావలయుననుకొందము. కాలువ క్రింది రైతులు 250 బస్తాలు తేగలరు. వారికి బస్తాకు 1,000 రూపాయలు గిట్టుబాటు. బావుల క్రింది రైతులు మరి 250 తేగలరు. వారికి 1,200 రావలయును. చమురింజను పెట్టి నీరు తోడువారు ఎంతైన తేగలరుగాని 1,800 లేనిదే అమ్మరు. 500 బస్తాలు కాలువ, బావులే తెచ్చినచో ధర 1,200 దగ్గర నిలుచును. ఇప్పుడు ఇంజను చమురుపై బస్తాకు 300 పన్ను వేసిరనుకొనుడు. ఇంజనువాని సరకు సంతకే రానప్పుడు ఆ పన్ను ఎవరికి తగులును? ఎవరికిని తగులదు. ఇక బావులలో సగము పూడ్చిరనుకొనుడు. 125 బస్తాల లోటును ఇంజనువాడే తీర్పవలయును. అప్పుడు వాని ధరయే సంత ధర యగును. 1,800తో పన్ను 300 చేరి 2,100. అది ఆ 125 బస్తాలకే గాదు, 500 బస్తాలకును అదే ధర. కాలువ రైతునకు ఖర్చు పెరుగకయే లాభము వచ్చిపడును. కొనువానికి భారము ఇంచుమించు రెట్టింపగును. ఇంతటితోనైనను ఆగదు. 'ఇంజను ఇంతకు మించి పొగ విడువరాదు' అని కూడ నియమము పెట్టినచో, జనులు తినుట తగ్గించువరకు ఆ పన్నును హెచ్చించుచునే పోవలయును.

కాలువ యనగా జలవిద్యుత్తు, బావులనగా అణుకేంద్రములు, ఇంజననగా బొగ్గు కేంద్రములని అన్వయించుకొనుడు. బావులున్నంతవరకు నిద్రించియున్న పన్ను, బావులు పూడ్చగనే మేల్కొనుట ఇందు ముఖ్యాంశము. రెండు విధానములను వేరువేరుగా లెక్కించి కూడినచో నిజమైన ఖర్చు తేలదు. ఒకదాని ఖర్చు రెండవదానిమీద ఆధారపడియున్నది.

ఈ లెక్కను స్వీడనుకై సాంగోపాంగముగా వేసినవాడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయాచార్యుడు విలియం నార్డ్‌హౌస్. ఆయన 1975 నుండియే ఈ వాయువును ఆర్థిక శాస్త్రముతో ముడిపెట్టి ఆలోచించుచుండెను. స్వీడను సందిగ్ధమును గూర్చిన ఆయన గ్రంథము ఆంగ్లమున 1997లో వెలువడెను. జలవిద్యుత్తు, అణువిద్యుత్తు, తక్కిన ఇంధనములు, ధర పెరిగినచో జనులెంత వాడుక తగ్గింతురు అనునవి సమీకరణములుగా వ్రాసి, రియాక్టరులను గడువు పెట్టి మూసినచో నేమి, అవి అరిగిపోవువరకు నడచినచో నేమి, వాయుపరిమితి యున్న నేమి, లేకున్న నేమి అని ఆయన వేరువేరుగా లెక్కించెను. చక్కగా పనిచేయుచున్న రియాక్టరులను ముందుగా మూయుట మిక్కిలి వ్యయకరమనియు, దానికి తోడు వాయుపరిమితిని పాటింపదలచినచో వ్యయ మింకను హెచ్చుననియు తేలెను. ఆయన మూయవద్దని శాసింపలేదు. శాసించుటకు ఆయన యెవరు? వెల యింత యని చెప్పి, కొనుట మానుట ప్రజలకే విడిచిపెట్టెను. నా దృష్టిలో ఆ లెక్కవలన కలిగిన ముఖ్యోపకార మిదియే. 1980లో వోటు వేసినవారికి ఆ వెలచీటి చేతిలో లేదు.

ఇట్టి లెక్కల నెంతవరకు నమ్మవచ్చునని మీరడుగవచ్చును. పంచాంగమున గ్రహణము వ్రాసియున్నచో విఘడియలతో సహా నమ్ముదుము. అదే పంచాంగమున వర్షము ఇన్ని ఆఢకములని వ్రాసియున్నచో విని యూరకుందుము, నాగలి మాత్రము మబ్బును చూచియే కట్టుదుము. ఆర్థిక శాస్త్రజ్ఞుని నమూనా ఈ రెంటికిని నడుమ నున్నది. ఏది పెరిగిన నేది పెరుగునో, దిక్కు చెప్పును. కొలత చెప్పినప్పుడు జాగ్రత్త వహింపవలయును. 1990 దశకపు లెక్కలలో గాలిమరల పాత్ర మిక్కిలి స్వల్పము. 2022 నాటికి స్వీడను విద్యుత్తులో దాదాపు అయిదవ వంతు గాలినుండి వచ్చెను.

ఆ తరువాత జరిగిన చరిత్ర వినుడు. 1995లో మూత ఆరంభింపవలెనన్న నిశ్చయమును 1991లోనే ప్రధాన పక్షములు కూడి విడిచిపెట్టినవి. 1997లో 2010 అను గడువునుగూడ వదలిరి. కాని మాట పూర్తిగ తప్పిరన్న నింద రాకుండ, బార్సెబెక్ అను స్థలమునందలి రెంటిని మూయ నిర్ణయించిరి. ఆ స్థలము డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెన్ నగరమునకు సముద్రపు పాయ కావలియొడ్డున ఇరువది కిలోమీటర్ల దూరమున నున్నది. డేనులు చిరకాలముగా దానిని మూయుమని కోరుచుండిరి. మొదటిది 1999 నవంబరు 30న, రెండవది 2005 మే 31న ఆగినవి. అప్పటికి ఉత్తర దేశముల విద్యుత్తు విపణులు ఒక్కటియైనవి. 1996లో నార్వే, స్వీడనులు ఉమ్మడి సంత నారంభింపగా తక్కినవారు వచ్చి చేరిరి. అట్టి సంతలో ఒకచోట లోటు వచ్చినచో పూరించునవి తరచుగా డెన్మార్కు, జర్మనీ దేశముల బొగ్గు కేంద్రములే. ఎదుటియొడ్డు రియాక్టరును మూయించినవారి బొగ్గుపొయ్యిలే ఆ లోటు తీర్చుటకు మరికొంత మండినవన్నమాట. 2002లో వానలు తగ్గి జలాశయము లెండగా ఆ శీతకాలమున ధరలు మిన్నంటినవి.

ఇంతకంటె విడ్డూరము మరియొకటి. బొగ్గుపులుసు వాయువును విడువని రియాక్టరులపైననే ప్రత్యేకముగా ఒక పన్ను ఉండెను. అది విద్యుత్తు తీసినను తీయకున్నను యంత్రపు శక్తినిబట్టి చెల్లింపవలసినది. 2015లో దానిని మరింత హెచ్చించిరి. యూనిట్టుకు అది దాదాపు 7 ఓరెలు పడుచుండెను. నూరు ఓరెలు ఒక క్రోనా. ఆ సంవత్సరము సంతలో యూనిట్టు ధర 20 ఓరెల ప్రాంతమున నుండెను. అమ్మిన సొమ్ములో మూడవ వంతు పన్నుకే పోయిన వ్యాపారి యెట్లు బ్రతుకును? దానికి తోడు అత్యవసరమున గర్భమును చల్లబరచుటకు స్వతంత్రమైన ఏర్పాటు 2020 చివరిలోగా చేయవలెనని భద్రతాధికారుల నియమము వచ్చెను. ఆ నియమము న్యాయమైనదే. పాత యంత్రములకు ఆ ఖర్చు పెట్టుట గిట్టదని యజమానులు 2015లోనే నాలుగింటిని మూయ నిర్ణయించిరి. 2016 జూనులో పక్షములు కూడి ఆ పన్నును ఎత్తివేయుటకు ఒప్పుకొనినను, అవి తిరిగి బ్రతుకలేదు. ఆస్కార్స్‌హామ్‌లో రెండు, రింగ్‌హాల్స్‌లో రెండు పోగా, 2020 చివరకు పండ్రెండింటిలో ఆరు మిగిలినవి. శాసనము మూయలేనివానిని పన్ను మూసినదని నేననుకొందును.

కర్బనపు పన్ను మాత్రము తన పని చక్కగా చేసెను. 250 క్రోనాలనుండి క్రమముగా పెరిగి 2020 నాటికి 1,190 అయినది. కర్మాగారముల రాయితీ 2018లో ముగిసెను. వంటచెరకు, చెక్కపొట్టు వంటివానిపై పన్ను లేదు గనుక ఊరుమ్మడి వెచ్చదనపు కేంద్రములు చమురును, బొగ్గును విడిచి అడవిచెత్తను కాల్పసాగినవి. 2020 ఏప్రిలులో దేశమందలి చివరి బొగ్గు విద్యుత్కేంద్రము మూతపడెను. 1990 మొదలు 2022 లోపల దేశమున వెలువడు ఉష్ణవాయువులు మూడవ వంతునకు మించి తగ్గినవి. పన్నువలన దేశము దరిద్రమగునన్న భయము నిజము కాలేదు.

విద్యుత్తు సంగతి అంత సుఖముగా ముగియలేదు. నదులు ఉత్తరమున, జనులు దక్షిణమున. మూసిన రియాక్టరులన్నియు దక్షిణ భాగమునవే. నడుమ తీగెలకు మోయగల శక్తి పరిమితము. 2011 నవంబరునుండి దేశమును నాలుగు ధరల మండలములుగా విభజించిరి. 2022లో ఉక్రెయిను యుద్ధము మూలముగా సహజవాయువు ధర పెరుగగా, దక్షిణపు కొనయందలి విద్యుత్తు ధర ఆ యేడు ఉత్తరపు ధరకు రెండింతలు మించెను. ఒకే దేశమున, ఒకే శాసనము క్రింద నున్న రెండు కుటుంబములు ఒకే దీపమునకు ఇంత భేదముగా చెల్లింపవలసి వచ్చెను. బావులు పూడ్చినచో ఇంజనువాడే ధర నిర్ణయించునన్న సంత లెక్క ఇచ్చట ప్రత్యక్షమాయెను.

రెండవ ప్రతిజ్ఞ 2010లోనే సగము సడలినది. ఆ జూనులో శాసనసభయందు పాత రియాక్టరు స్థానమున క్రొత్తది కట్టుటకు అనుమతించు ప్రతిపాదన 174 వోట్లకు 172 వోట్ల తేడాతో, అనగా రెండు వోట్ల ఆధిక్యముతో నెగ్గెను. 2023 నవంబరులో పది రియాక్టరులకు మించరాదు, పాత స్థలములందే కట్టవలె నను నిబంధనలనుగూడ తొలగింప నంగీకరించిరి. 2024 జనవరి ఒకటినుండి అది అమలునకు వచ్చెను. మూడవ ప్రతిజ్ఞ మరింత బిగిసినది. 2045 నాటికి నికరముగా ఉష్ణవాయువులే వెలువడరాదని 2017లో నిశ్చయించుకొనిరి. మొదటి ప్రతిజ్ఞ చెక్కుచెదరలేదు. ఆ నాలుగు నదులకును 1987లో ఇచ్చిన రక్షణ నేటికిని ఉన్నది.